మనిషి ఎక్కడ ఆగాడు, ఎద్దు ఎక్కడ మొదలైంది



హంగరీ దేశానికి దక్షిణాన పేచ్ అనే ఊరుంది. ఆ ఊరి నడిబొడ్డున, పెద్ద చౌరస్తాకు దిగువన, ఒక ఫౌంటెన్ ఉంది. రాతితో చెక్కింది కాదు, కంచుతో పోత పోసిందీ కాదు. మట్టిది. కాల్చిన మట్టిది. దానికి నాలుగు ఎద్దు తలలు. నాలుగు నోళ్ళలోంచీ నీటి ధారలు. ఆ తలలది ఫలానా రంగు అని చెప్పడం కష్టం. ఇటునుంచి చూస్తే ఆకుపచ్చ. రెండడుగులు అటు జరిగితే రాగి. ఎండ పడితే బంగారం. నెమలి మెడ మీద రంగు ఒకచోట నిలవదు చూడండి, అలాగ.

ఊరు చూడడానికి వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. బాగుందనుకుని వెళ్ళిపోతారు. ఆ ఎద్దు తల వెనక మాత్రం చాలా కథ ఉంది. ఎద్దుగా మారే మనుషుల కథ. కొమ్ములు మొలిచే మనుషులు, రెక్కలు వచ్చే మనుషులు. ఆ మనుషులకు మట్టితో ఒళ్ళు పోసిన కళాకారుల కథ కూడా. ఈ కాసేపు దాని గురించి మాట్లాడుకుందాం.

మొదట ఆ ఎద్దు తల ఎక్కడిదో చెబుతాను.

1799వ సంవత్సరం. నాజ్‌సెంట్‌మిక్లోష్ అనే ఊరు. అప్పుడది హంగరీ రాజ్యంలో ఉండేది, ఇప్పుడు రుమేనియాలో ఉంది. అక్కడ ఒక రైతు తన స్థలంలో తవ్వుతుంటే గునపానికి బంగారం తగిలింది. ఒకటీ రెండూ కాదు, 23 బంగారు పాత్రలు. అన్నీ కలిపి దాదాపు పది కిలోల బరువు. కూజాలు, గిన్నెలు, కప్పులు. ఇవాళ అవి వియన్నా మ్యూజియంలో ఉన్నాయి.

బంగారం సంగతి అలా ఉంచండి. వాటి మీద ఉన్న బొమ్మలు చూడాలి. ఒక కూజా మీద పెద్ద గద్ద ఒకటి ఒక స్త్రీని ఆకాశంలోకి ఎత్తుకుపోతూ ఉంటుంది. అదే కూజాకు ఇంకోవైపు ఒక వింత వాహనం. ఒళ్ళు సింహానిది. వీపున రెక్కలు. ముఖం మాత్రం గడ్డంతో ఉన్న మనిషిది. దాని మీద ఒకడు ఎక్కి, వెనక్కి తిరిగి బాణం వేస్తుంటాడు. కొన్ని గిన్నెలకైతే గిన్నెకే ఎద్దు తల. పట్టుకుని తాగబోతే ఎద్దు మన కళ్ళలోకి చూస్తుంది. ఎవరు చేయించారు? అవార్లు అనే సంచార జాతి వాళ్ళదని చాలామంది పండితులు అంటారు. కాదు, మరొకరిదనే వాళ్ళూ ఉన్నారు. ఆ వాదన రెండు వందల ఏళ్ళుగా నడుస్తూనే ఉంది.

ఇక ఫౌంటెన్ దగ్గరికి వద్దాం. పేచ్ ఊళ్ళో జోల్నాయ్ కుటుంబానికి పింగాణి కార్ఖానా ఉండేది. 1853లో మొదలైంది. విల్మోష్ జోల్నాయ్ చేతుల్లో అది యూరప్ అంతా పేరు తెచ్చుకుంది. ఆయన జ్ఞాపకార్థం కొడుకు మిక్లోష్ ఊరికి ఇచ్చిన కానుక ఈ ఫౌంటెన్. 1930లో నిలబెట్టారు. దాని ఎద్దు తలలకు నమూనా ఆ బంగారు పాత్రలే. అంటే మట్టిలో దొరికిన బంగారు ఎద్దు, తిరిగి మట్టి ఎద్దు అయింది. నాకిది ఎంతో ఇష్టమైన సంగతి.

సరే. ఎద్దే ఎందుకు? హంగరీ వాళ్ళకు ఎద్దుతో ఏమిటి సంబంధం?

హంగరీ వాళ్ళ పూర్వీకులు తొమ్మిదో శతాబ్దం చివర, గుర్రాల మీద, తూర్పు మైదానాల నుంచి వచ్చి ఇప్పుడున్న చోట స్థిరపడ్డారు. చుట్టూ ఉన్న దేశాల వాళ్ళ భాషలతో వాళ్ళ భాషకు చుట్టరికం లేదు. దాని దగ్గరి చుట్టాలు ఎక్కడో పశ్చిమ సైబీరియాలో, ఓబ్ నది పక్కన ఉన్నాయి. వాళ్ళతోపాటు ఒక నమ్మకం కూడా వచ్చిందని చెబుతారు. ఆ నమ్మకానికి నడుమన ఉండే మనిషి పేరు తాల్తోష్.

తాల్తోష్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

తాల్తోష్ కావాలని ఎవరూ కాలేరు. చదివి కాలేరు, సాధన చేసి కాలేరు. పుట్టాలి. ఆ బిడ్డ పుట్టుకతోనే పళ్ళతో పుడతాడు. లేదా ఆరో వేలు ఉంటుంది. ఒంట్లో ఒక ఎముక ఎక్కువ ఉంటుంది. తల్లి ఆ గుర్తును ఎవరికీ చెప్పకూడదు. చెబితే బిడ్డ శక్తి పోతుంది. పిల్లవాడు కాస్త పెద్దయ్యాక ఒకరోజు పెద్ద నిద్రలోకి పోతాడు. రోజుల తరబడి లేవడు. ఇంట్లో వాళ్ళు పోయాడనుకుంటారు. ఆ నిద్రలో, పాత తాల్తోషులు వచ్చి వాడి ఒళ్ళు ముక్కలు ముక్కలుగా విడదీస్తారట. ఎముకలు లెక్కపెడతారట. ఆ ఎక్కువ ఎముక ఉందా లేదా అని చూస్తారు. ఉంటే, మళ్ళీ అతికి లేపుతారు. ఆ తర్వాత ఆకాశాన్ని అంటే చెట్టు ఎక్కాలి. ఎక్కి దిగితే తాల్తోష్.

విడదీసి, లెక్కపెట్టి, మళ్ళీ అతకడం. ఈ మాట కూడా గుర్తుంచుకోండి. మట్టి పని దగ్గరికి వచ్చాక దీని అవసరం పడుతుంది.

ఇప్పుడు తాల్తోష్ ఎద్దుగా మారే కథ. హంగరీ మహా మైదానంలో పల్లె పల్లెకూ ఈ కథ ఉంది. చెప్పేవాళ్ళను బట్టి కొంచెం మారుతుంది, మూలం ఒకటే.

విశాలమైన మైదానం. మైలు దూరంలో ఇంకో ఇల్లు లేని ఒంటరి ఇల్లు. ఒక పిల్లవాడు వచ్చి తలుపు కొడతాడు. చిరిగిన బట్టలు. బక్కపలచని ఒళ్ళు. "అమ్మా, కాసిని పాలు ఇస్తావా? గుడ్డు ఉంటే పెడతావా?" అంటాడు. పెట్టే ఇల్లాలు పెడుతుంది. పెట్టనన్న ఇంటి మీద ఆ సాయంత్రమే గాలివాన, వడగళ్ళు. అలా ఒక ఇంట్లో వాడు పశువుల దగ్గర పనికి కుదురుతాడు. మాట తక్కువ. పని బాగా చేస్తాడు. ఒకరోజు యజమానితో అంటాడు: "అయ్యా, రేపు ఒక నల్ల మబ్బు వస్తుంది. అందులోంచి ఒక నల్ల ఎద్దు వస్తుంది. నా కోసమే వస్తుంది. నేనూ ఎద్దునవుతాను. తెల్ల ఎద్దును. మేమిద్దరం కలియబడతాం. నేను ఓడిపోతున్నట్టు కనిపిస్తే, ఆ నల్లదాని గిట్ట మీద కర్రతో కొట్టు. భయపడకు."

మర్నాడు మబ్బు వస్తుంది. గాలి లేస్తుంది. ఎద్దు వస్తుంది. పిల్లవాడు ఏమయ్యాడో తెలియదు, ఆ చోట తెల్ల ఎద్దు ఉంటుంది. రెండూ కుమ్ముకుంటాయి. దుమ్ము ఆకాశానికి లేస్తుంది. తెల్లది వెనక్కి తగ్గుతుంది, తగ్గుతుంది. రైతు వణుకుతూనే పరుగెత్తి నల్లదాని గిట్ట మీద ఒక్కటి వేస్తాడు. అంతే. పోరు తిరగబడుతుంది. మబ్బు విడిపోతుంది. పిల్లవాడు మళ్ళీ పిల్లవాడై, దండం పెట్టి, తన దారిన వెళ్ళిపోతాడు. ఆ ఇంటివాళ్ళకు ఇక కనపడడు.

నేనీ కథను ఎక్కడ తలుచుకున్నా ఒక్క విషయం దగ్గర ఆగిపోతాను. గాలివానలను నడిపే శక్తి ఉన్నవాడు, ఎద్దుగా మారగలిగినవాడు, చివరికి ఎవరి సాయం అడిగాడు? చేతికర్ర ఉన్న ఒక మామూలు రైతును. తాల్తోష్ తన కష్టంలో మన చెయ్యి అడిగే మనిషి. దయ్యం కాదు, రాక్షసుడు కాదు. సగం పశువు ఒళ్ళున్న బొమ్మను చూడగానే మనకు భయం పుడుతుంది. హంగరీ నమ్మకంలో ఆ సగం పశువు పంటను కాపాడడానికి వచ్చినవాడు.

మరి ఈ తాల్తోషులు ఎలా ఉండేవాళ్ళు? ఏ బట్ట కట్టేవాళ్ళు, ఏ ముసుగు వేసేవాళ్ళు? వాళ్ళ బొమ్మ ఒక్కటైనా మన దగ్గర ఉందా?

లేదు. ఇదే ఇందులో గొప్ప చిక్కు.

క్రీస్తు శకం వెయ్యి దాటే సరికి హంగరీ క్రైస్తవ రాజ్యం అయింది. స్తెఫాన్ రాజుకు కిరీటం పెట్టారు. పాత నమ్మకాలను అణచడం మొదలైంది. ఆ శతాబ్దం చివర లాస్లో అనే రాజు ఒక చట్టం చేశాడు. బావుల దగ్గర బలి ఇచ్చినా, చెట్లకూ ఊటలకూ రాళ్ళకూ పాత పద్ధతిలో మొక్కులు చెల్లించినా జరిమానా కట్టాలి. ఆ జరిమానా ఏమిటో తెలుసా? ఒక ఎద్దు. చట్టం ఉందంటే అర్థం ఏమిటి? జనం ఇంకా చెట్లకు మొక్కుతూనే ఉన్నారని.

ఆ తర్వాత శతాబ్దాల పాటు తాల్తోష్ మాటల్లో బతికాడు. కథల్లో బతికాడు. చివరకు కోర్టు కాగితాల్లో బతికాడు. మంత్రగత్తెల మీద విచారణలు జరిగిన కాలంలో, 18వ శతాబ్దంలో కూడా, కొందరు ఆడవాళ్ళు, మగవాళ్ళు న్యాయాధికారుల ముందు నిలబడి "నేను మంత్రగత్తెను కాను, తాల్తోషును" అన్న అర్థంలో చెప్పుకున్నారు. మేం చెడుపు చేసేవాళ్ళం కాదు, చెడుపును ఎదిరించేవాళ్ళం అని. ప్రాణం మీదికి వచ్చిన వేళ కూడా ఆ తేడా చెప్పాలనుకున్నారు. ఆ మాటలు రాసుకున్న గుమాస్తాల పుణ్యమా అని మనకు ఈ మాత్రమైనా తెలిసింది.

20వ శతాబ్దంలో విల్మోష్ డియోసెగి అనే పండితుడు వచ్చాడు. పల్లెల్లో కథలు పోగుచేశాడు. 1957లో సైబీరియా వెళ్ళి అక్కడి షామన్లు అనే మాంత్రిక పూజారుల సంప్రదాయాలతో పోల్చి చూశాడు. ఎక్కువ ఎముక అక్కడా ఉంది. ఒళ్ళు విడదీయడం అక్కడా ఉంది. చెట్టెక్కడం ఉంది. ఎద్దులై పోరాడడం ఉంది. 1958లో పుస్తకం రాశాడు. హంగరీలో ఆ పుస్తకం పెద్ద కదలిక తెచ్చింది. తర్వాతి పండితులు, ఏవా పోచ్ వంటివాళ్ళు, అంత తొందరగా సైబీరియాకు ముడిపెట్టకండి, ఇరుగు పొరుగు బాల్కన్ పల్లెల్లోనూ ఇలాంటివాళ్ళు ఉన్నారు కదా అని గుర్తుచేశారు. ఆ జాగ్రత్త అవసరమైనదే.

అంటే మళ్ళీ చెబుతున్నాను. తాల్తోష్ మాటగా మిగిలాడు. బొమ్మగా మిగల్లేదు. అతనికి ఒళ్ళు పోయవలసిన పని కళాకారుల మీద పడింది.

ఆ పనికి వాళ్ళు మట్టిని ఎంచుకోవడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది.

హంగరీ నేలలో మట్టి బొమ్మ ఎంత పాతదో చూడండి. 1956లో సెగ్వార్ అనే చోట తవ్వకాల్లో ఒక చిన్న మట్టి విగ్రహం దొరికింది. జానెడు కంటే కొంచెం పెద్దది. ఆసనం మీద కూర్చున్న మనిషి. భుజాన కొడవలి. ముఖం చదునుగా, ముసుగు తగిలించుకున్నట్టు ఉంటుంది. రాతియుగం చివరి దశలో, దాదాపు ఏడు వేల ఏళ్ళ కిందట చేసింది. హంగరీ జాతి అక్కడికి రావడానికి వేల ఏళ్ళ ముందటి సంగతి. కాబట్టి అది తాల్తోష్ కాదు. అయినా ఆ నేల మీద పనిచేసే ఏ శిల్పి అయినా ఆ ముసుగు ముఖాన్ని చూడకుండా పెరగడు.

కుమ్మరులు కూడా తమ ధోరణిలో ఇలాంటివి చేస్తూ వచ్చారు. మైదానపు ఊళ్ళలో, మెజోచాట్ లాంటి చోట్ల, మిష్కా కూజా అని ఒకటి చేస్తారు. ద్రాక్షసారా పోసుకునే కూజా. అది కూజానా మనిషా అంటే రెండూ. మెలితిప్పిన మీసం. నెత్తిన సైనికుడి టోపీ. కోటుకు అలంకరణ. చాలా కూజాల పొట్ట మీద ఒక పాము పాకుతూ ఉంటుంది.

ఇంకొకటి ఉంది. ఇది రేడియో కాబట్టి దీన్ని చెప్పకుండా ఉండలేను. కొచొగ్‌డూడా అని ఒక వాయిద్యం. ఒక మట్టి కూజా తీసుకుంటారు. మూతికి పంది మూత్రాశయపు పొర బిగించి కడతారు. ఆ పొర నడుమ ఒక రెల్లు పుల్ల కట్టి నిలబెడతారు. చెయ్యి తడి చేసుకుని ఆ పుల్లను పైనుంచి కిందికి నిమురుతారు. అప్పుడు కూజా కడుపులోంచి ఒక బొంగురు శబ్దం వస్తుంది. రంకె లాంటి శబ్దం. క్రిస్మస్ తర్వాతి రోజుల్లో ఇంటింటికీ తిరిగి శుభం పలికే పాటగాళ్ళు దీన్ని వెంట తీసుకెళ్తారు. ఆ పాటల్లో ఒక మాయజింక వస్తుంది. కొమ్ము కొమ్ముకూ దీపాలు వెలిగే జింక. బయట మంచు, ఇంట్లో పొయ్యి, వాకిట్లో రంకె వేసే మట్టి కూజా. మట్టిలో ఎద్దు ఉందని ఆ ఊరి పిల్లలకు ఎవరైనా వేరే చెప్పాలా?

ఇప్పుడు శిల్పి గదిలోకి వెళదాం. జింక తల ఉన్న మనిషిని చేయాలనుకుందాం. ఇది ఎలా తయారవుతుందో తెలిస్తే, రేపు మీరు ఏ మట్టి శిల్పం చూసినా వేరేగా చూస్తారు.

మట్టి ఎంపికతోనే సగం పని. మరీ నున్నటి మట్టి పనికిరాదు. ఎండేటప్పుడు బిగుసుకుని చీలిపోతుంది. అందుకని కాల్చిన పెంకుల పొడిని మట్టిలో కలిపి పిసుకుతారు. ఒకసారి నిప్పును చూసి వచ్చిన ఆ రేణువులు పచ్చి మట్టికి దన్నుగా నిలుస్తాయి. బొమ్మను లోపల బోలుగా కట్టాలి. తాళ్ళలా చుట్టిన మట్టిని ఒకదాని మీద ఒకటి పేర్చి, నిమిరి, గోడ లేపినట్టు లేపుతారు. గోడ మందం అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. ఒకచోట మందం, ఒకచోట పలచన అయితే మందమైన చోట తడి మిగిలిపోతుంది. ఆ తడి బట్టీలో ఆవిరై బొమ్మను పగలగొడుతుంది. అందుకే లోపలి ఆవిరి పోవడానికి కంటికి కనబడని చోట ఒక రంధ్రం పెడతారు.

మనిషి ఒళ్ళు తయారైంది. జింక తల విడిగా తయారైంది. రెండూ కలపాలి. ఇక్కడే అసలు పని. అతుకు.

అతుకు ఎలా వేస్తారంటే, ముందు రెండు ముక్కలూ ఒకే పదునులో ఉండాలి. ఒకటి ఆరిపోయి, ఒకటి తడిగా ఉంటే ఎంత నొక్కినా నిలవదు. ఆరేకొద్దీ తడిది ఎక్కువ కుంచించుకుంటుంది, విడిపోతుంది. పదును సరిపోయాక, రెండు అంచుల మీదా సూదితో, దువ్వెన లాంటి పనిముట్టుతో గీతలు గీస్తారు. లోతుగా. అటు మనిషి మెడ మీదా గాట్లు, ఇటు జింక మెడ మీదా గాట్లు. ఆ గాట్లలో చిక్కటి మట్టి బురద పూస్తారు. అప్పుడు కలిపి నొక్కుతారు. లోపల వేలు పెట్టి మెత్తుతారు. పైన సన్నటి మట్టి తాడు వేసి నిమురుతారు.

గమనించారా? ఒక వైపు మాత్రమే గాటు పెడితే అతుకు నిలవదు. రెండు వైపులా గాయం కావాలి. మనిషికీ కావాలి, జింకకూ కావాలి. తాల్తోష్ పిల్లవాణ్ణి విడదీసి మళ్ళీ అతికారని ఇందాక చెప్పుకున్నాం. మట్టి పని చేసేవాళ్ళకు ఆ కథ వింతగా వినిపించదు. వాళ్ళు చేతులతో రోజూ చేసే పని అదే.

అందుకే నా మాట ఒకటి వినండి. ఇలాంటి శిల్పం ఎదురైతే ముందు కొమ్ములను చూడకండి. కళ్ళను చూడకండి. అతుకును చూడండి. మనిషి ఎక్కడ ఆగాడు, ఎద్దు ఎక్కడ మొదలైంది? చెడ్డ శిల్పంలో ఆ చోటు చటుక్కున తెలిసిపోతుంది. మనిషి బొమ్మకు జంతువు తల తగిలించినట్టు ఉంటుంది, మెడ దగ్గర గీత గీసినట్టు. మంచి శిల్పంలో వెతకాలి. భుజం దగ్గరే మనిషి కండ కొంచెం బరువెక్కుతుంది. మెడ వెనక చర్మం మడత పడుతుంది. వెన్నెముక ఎక్కడో మనకు తెలియకుండా జింకది అయిపోతుంది. అక్కడ శిల్పి మనకు ఒక మారుతున్న మనిషిని చూపిస్తున్నాడు. మారిపోయినవాణ్ణి కాదు, మారుతున్నవాణ్ణి. తాల్తోష్ అంటే అదే కదా. ఎద్దుగా మిగిలిపోడు. పిల్లవాడిగా మిగిలిపోడు. అటూ ఇటూ వెళ్ళి రాగలవాడు.

కొమ్ములు మరో కష్టం. కొమ్ము సన్నం, ఒళ్ళు లావు. కొమ్ము ముందే ఆరిపోతుంది, ఒళ్ళు ఆరదు. అందుకని కొమ్ములకు తడిగుడ్డ చుట్టి ఉంచుతారు. బరువుకు వాలిపోకుండా కింద ఆనులు పెడతారు. ఆ ఆనులు కూడా అదే మట్టితో చేస్తారు. ఎందుకంటే బొమ్మ ఆరుతూ కుంచించుకునేటప్పుడు ఆనులూ దానితోపాటే కుంచించుకోవాలి. చెక్క ఆను పెడితే అది కదలదు, కొమ్ము విరుగుతుంది. పెద్ద శిల్పమైతే ఆరడానికే వారాలు పడుతుంది. ఆ తర్వాత బట్టీ. మొదట్లో మంట చాలా మెల్లగా ఎక్కించాలి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు అదే చోట ఒక్కసారిగా కుంచించుకుంటుంది. తొందరపడితే అతుకులన్నీ అక్కడే విడిపోతాయి. బట్టీ తలుపు తీసేదాకా ఏ శిల్పికీ తన బొమ్మ బతికిందో లేదో తెలియదు.

పేచ్ ఎద్దు తలల రంగు సంగతి ఇప్పుడు చెప్పవచ్చు. ఆ పూతను ఎయోసిన్ అంటారు. 1893 ప్రాంతంలో, విన్‌ట్సె వర్తా అనే రసాయన శాస్త్రవేత్త సాయంతో జోల్నాయ్ కార్ఖానా దాన్ని సాధించింది. లోహపు లవణాలు ఉన్న పూత పూసి, బట్టీలోకి గాలి సరిగా పోనివ్వకుండా పొగలో కాలుస్తారు. గాలి అందని నిప్పు పూతలోంచే ప్రాణవాయువును లాక్కుంటుంది. లోహం సన్నటి పొరగా పైకి తేలుతుంది. వెలుగు ఆ పొర మీద పడి రంగులు మారుస్తుంది. చూసే చోటును బట్టి మారే రంగు, రూపం మార్చుకునే జీవి మీద. అంతకంటే తగిన పూత ఉంటుందా?

అదే కార్ఖానా మట్టి బుడాపెస్ట్ కప్పుల మీదికి కూడా ఎక్కింది. ఒడోన్ లెక్నర్ అనే వాస్తుశిల్పి హంగరీకి తనదైన కట్టడపు తీరు ఉండాలని తపించాడు. దాని వేళ్ళు తూర్పున ఉన్నాయని నమ్మాడు. పర్షియా వైపు, మన దేశం వైపు చూశాడు. ఆయన కట్టిన, 1896లో తెరిచిన మ్యూజియం లోపల మొఘల్ తరహా తోరణాలు కనిపిస్తాయి. 1901లో ఆయన కట్టిన పోస్టల్ సేవింగ్స్ బ్యాంకు కప్పు మీద పాములు, డ్రాగన్ తోకలు, మళ్ళీ అవే ఎద్దు తలలు. అన్నీ కాల్చిన మట్టే. వీధిలో నడిచేవాళ్ళకు అందులో సగం కనిపించదు. అయినా పైన అంత పని చేశాడు.

తర్వాతి తరం మట్టి శిల్పులలో ఇద్దరి పేర్లు చెబుతాను. ఒకరు మర్గిత్ కొవాచ్. 1902లో పుట్టింది, 1977లో పోయింది. ఆమె సారె మీద తిప్పిన కుండ ఒళ్ళునే మనిషి ఒళ్ళుగా మలిచింది. కుండ పైకి సాగి మెడ అవుతుంది, వంగి భుజం అవుతుంది. జానపద పాటల్లోని తల్లులు, పెళ్ళికూతుళ్ళు, ఏడ్చే ఆడవాళ్ళు ఆమె చేతుల్లో కుండల్లోంచి లేచి నిలబడ్డారు. బుడాపెస్ట్ దగ్గర సెంటెండ్రే అనే చిన్న ఊళ్ళో ఆమె మ్యూజియం ఉంది. ఆమెది పశురూపాల లోకం కాదు. అయినా పాత్రకూ ప్రాణికీ మధ్య గోడ పడగొట్టిన చెయ్యి ఆమెది. తర్వాత వచ్చినవాళ్ళకు ఆ దారి పనికివచ్చింది.

రెండో ఆయన ఇమ్రె ష్రమ్మెల్, 1933లో పుట్టాడు. ఎద్దు తల మనిషిని ఎన్నో సార్లు చేశాడు. ఆయన చేసింది గ్రీకు పురాణంలోని మినోటార్. హంగరీ తాల్తోష్ కాదు. కొంతమంది దీన్ని లోపంగా చూస్తారు. నేను చూడను. కళాకారుడు మ్యూజియం కాపలాదారు కాదు. ఇదే ష్రమ్మెల్ మట్టి దిమ్మెల మీద తుపాకీతో కాల్చి, గుండు దూసుకుపోయిన చోట మట్టి ఎలా విచ్చుకుందో అలాగే ఉంచి బట్టీలో పెట్టాడు. యుద్ధాన్ని చూస్తూ పెరిగిన తరం ఆయనది. ఆ చేతుల్లోంచి వచ్చిన ఎద్దు మనిషిలో పల్లెటూరి కథ ఒక్కటే ఉండదు, ఆయన చూసిన శతాబ్దం కూడా ఉంటుంది.

ఇక్కడ నా అభిప్రాయం తేటగా చెప్పాలి. ఇవాళ తాల్తోష్ పేరుతో, షామన్ పేరుతో చేసే శిల్పాలు చాలా కనబడతాయి. కొమ్ముల మనుషులు, గద్ద ముఖాల స్త్రీలు, గుర్రపు కాళ్ళ డప్పుగాళ్ళు. వాటి పక్కన "వెయ్యేళ్ళ నాటి రూపం" అని చీటీ పెడితే అది నిజం కాదు. వెయ్యేళ్ళ నాటి తాల్తోష్ రూపం ఎవరి దగ్గరా లేదు. ఇవి కొత్తవి. కోర్టు కాగితాల నుంచి, అమ్మమ్మల కథల నుంచి, సైబీరియా యాత్రల నుంచి, బంగారు గిన్నెల నుంచి, శిల్పి సొంత నిద్రలేని రాత్రుల నుంచి పుట్టిన కొత్త ఒళ్ళు. ఆ మాట దాచనక్కర్లేదు. ఒక జాతి తన నుంచి తీసేసుకున్న దాన్ని తన చేతులతో మళ్ళీ కట్టుకుంటోంది. కట్టుకున్న చోట అతుకు కనిపిస్తుంది. కనిపించనివ్వండి. అతుకు దాచి పురాతనం అని అమ్మడం కంటే, అతుకు చూపించి ఇది నా పని అని చెప్పడంలో నిజాయితీ ఉంది. పనితనమూ ఉంది.

ఒక చివరి సంగతి. ఆ బంగారం దొరికిన ఊరిని, నాజ్‌సెంట్‌మిక్లోష్‌ను గుర్తుంచుకున్నారా? అదే ఊళ్ళో 1881లో ఒక బిడ్డ పుట్టాడు. బేలా బార్తోక్. గొప్ప సంగీతకారుడు. పల్లెపల్లె తిరిగి పాటలు సేకరించినవాడు. పేచ్‌లో ఎద్దుల ఫౌంటెన్ నిలబెట్టిన 1930లోనే ఆయన ఒక రచన పూర్తిచేశాడు. పేరు కంతాతా ప్రొఫానా. రుమేనియా పల్లెల్లో తాను సేకరించిన పాటల ఆధారంగా చేసింది. ఒక తండ్రికి తొమ్మిది మంది కొడుకులు. వాళ్ళకు వేట తప్ప ఏ పనీ నేర్పలేదు. వేటకు వెళ్ళి, ఒక మాయ వంతెన దాటి, తొమ్మిది మందీ జింకలైపోతారు. తండ్రి వెతుక్కుంటూ వెళ్ళి విల్లు ఎక్కుపెడతాడు. పెద్ద జింక మాట్లాడుతుంది. ఇంటికి రండి, అమ్మ ఎదురుచూస్తోంది అని తండ్రి బతిమాలుతాడు. రాలేమంటుంది పెద్ద జింక. మా కొమ్ములు ఇంటి తలుపులో పట్టవు అంటుంది.

తాల్తోష్ కథలో పిల్లవాడు తిరిగి మనిషి అవుతాడు. ఈ కథలో కొడుకులు తిరిగి రారు. రెండూ ఇరుగుపొరుగు జనాల్లో పుట్టిన కథలే. మట్టి శిల్పికి రెండూ కావాలి. తన బొమ్మ వెనక్కి రాగలిగినదా, రాలేనిదా అన్నది ఆ శిల్పి మెడ దగ్గర వేసే అతుకులోనే తేలుతుంది.

మీకు ఎప్పుడైనా ఇలాంటి శిల్పం ముందు నిలబడే అవకాశం వస్తే ఎదురుగా నిలబడి ఊరుకోకండి. చుట్టూ తిరగండి. వెనక్కి వెళ్ళండి, మెడ కింది భాగం చూడండి. వీలైతే కిందికి వంగి ఆ ఆవిరి రంధ్రం ఎక్కడ పెట్టారో వెతకండి. తయారుచేసినవాళ్ళు అక్కడే ఉంటే, ఆరడానికి ఎన్ని వారాలు పట్టింది, బట్టీలో ఎన్ని పోయాయి అని అడగండి. తమ పని గురించి అడిగితే వాళ్ళు మనసు విప్పి చెబుతారు.